ఉగ్రవాదం: అందరూ ఆహ్వానితులే!

ఉగ్రవాదాన్ని అంతం చేయడానికి సైన్యాలెందుకండీ? ఒక డైరెక్టరు, ఒక వియ్యంకుడు, ఒక ఎర్ర పెన్ను ఉంటే చాలు!

నవ్వకండి. ఒక కాలేజీలో ఈ పని మూడు గంటల్లో పూర్తిచేసి చూపించారు. ముందు దాని చరిత్ర కొట్టేశారు. తర్వాత కారణాలు కొట్టేశారు. చివరికి ఆ మాటే కొట్టేశారు. పేరే లేనిది ఎక్కడ పేలుతుంది చెప్పండి?

ఆ కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారొకాయన ఉన్నారు. విద్యార్థులు ఆయనకు పెట్టిన పేరు తేదీల మాస్టారు. ఏ యుద్ధం ఎప్పుడు మొదలైందో, ఏ సంధి ఎప్పుడు కుదిరిందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఎందుకు జరిగిందని మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. పరీక్షలో రాదు కదా!

అడిగింది ఆయన భార్య. పదకొండేళ్ల కిందట ఒక మంగళవారం బస్టాండులో బాంబు పేలి ఆవిడ తమ్ముడు పోయాడు. కళ్లజోళ్లు బాగుచేసుకుని బతికే మనిషి. ఎవరి జోలికీ వెళ్లేవాడు కాదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని ఆవిడ అడిగింది.

"ఏవండీ, వాడేం చేశాడని?"

మాస్టారికి తేదీ తెలుసు. టైము కూడా తెలుసు. జవాబు తెలియలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు. అదే ఆయనకు మరీ కష్టమైంది.

అప్పటి నుంచి చదవడం మొదలుపెట్టారు. క్లాసుకీ క్లాసుకీ మధ్య చదివారు, సెలవుల్లో చదివారు. నాలుగు లావుపాటి నోట్సులు నిండాయి. రిటైర్మెంటు ఇంకా రెండు నెలలుందనగా కాలేజీ వార్షికోపన్యాసం ఆయన వంతుకొచ్చింది. ఆఫీసు గుమాస్తా నోటీసు తయారుచేసి బోర్డుకి అంటించాడు. మొదటి వరుసలో "ఆధునిక ఉగ్రవాదం". రెండో వరుసలో "చారిత్రక మూలాలు, భావజాలం: ఉపన్యాసం". మూడో వరుసలో "శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు, సెమినార్ హాల్లో. అందరూ ఆహ్వానితులే!"

మర్నాడు హాస్టల్లో నీళ్లు రావన్న నోటీసొకటి తెచ్చి, సరిగ్గా రెండో వరుస మీద అంటించారు. ఇక మిగిలిందేమిటో మీరే చదువుకోండి!

మధ్యాహ్నానికి ఆ బోర్డు ఫొటో వెయ్యి ఫోన్లకెక్కింది. "మీ కాలేజీలో ఏం నేర్పుతున్నారు?" అని తల్లిదండ్రులు డైరెక్టరుకి ఫోన్లు. "ఎంట్రీ ఫ్రీయేనా?" అని ఒకాయన ఆరా. నీళ్ల నోటీసు పక్కకు జరిపితే సరిపోయే సంగతి. కానీ అది చిన్న ఉద్యోగి చేసే పని. పెద్దలు చేసేది కమిటీ వేయడం.

కమిటీలో ముగ్గురు. డైరెక్టరు ఒకరు. పైపుల వ్యాపారం చేసే యాజమాన్యం వారి వియ్యంకుడు ఇంకొకరు. నిపుణుడు కూడా ఉండాలి కనక ఒక రిటైర్డు పోలీసాఫీసరు. ఆయన టీ తాగుతూ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడిందంతా మిగతా ఇద్దరే.

"లైబ్రరీ రిజిస్టర్లో చూశాం మాస్టారూ. ఇదే సబ్జెక్టు మీద నలభై మూడు పుస్తకాలు తీసుకున్నారు. ఎందుకు?" అన్నాడు డైరెక్టరు.

"తెలుసుకుందామనండీ."

"తెలుసుకుని?" అన్నాడు వియ్యంకుడు, గాలం వేసినట్టు.

తెలుసుకున్నాక ఏం చేస్తారన్నది ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషిని ఎవరూ అడిగి ఉండలేదు పాపం.

డైరెక్టరు ఎర్ర పెన్ను తీసి ఉపన్యాసం చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీలోనే ఆగిపోయాడు. ఆ మాటను మొదట వాడుకలోకి తెచ్చింది గుహల్లో దాక్కున్నవాళ్లు కాదు, ఫ్రెంచి విప్లవం నాటి పాలకులు జనాన్ని భయపెట్టి ఏలిన రోజులే దానికి పుట్టిల్లు అని రాసి ఉంది.

"పాలకులా?" అన్నాడు. పేజీ కొట్టేశాడు.

తర్వాతి శతాబ్దంలో రష్యాలో చక్రవర్తి మీద బాంబులు వేసినవాళ్లలో చదువుకున్న కుర్రవాళ్లున్నారని రెండో పేజీ. "విద్యార్థులా! ఇంకేమైనా ఉందా?" కొట్టేశాడు. కొండలు తవ్వడానికి పుట్టిన డైనమైటు మనుషుల మీదికి తిరిగిందని మూడో పేజీ. గుట్టలు పేల్చే కాంట్రాక్టర్లు వియ్యంకుడి ఖాతాదారులట. కొట్టేశాడు. ఆ పేలుడు భయాన్ని పత్రికలు మర్నాటికి దేశమంతా మోశాయని నాలుగో పేజీ. పత్రికలవాళ్లతో మనకెందుకు? కొట్టేశాడు. ప్యారిస్‌లో ఒకడు కాఫీ తాగుతున్నవాళ్ల మీద బాంబు వేసి, ఇక్కడ అమాయకులెవరూ లేరన్నాడని అయిదో పేజీ.

"మన క్యాంటీనాయన నొచ్చుకుంటాడు," అన్నాడు వియ్యంకుడు.

ఇక శీర్షిక. ఉగ్రవాదం తీసి "అవాంఛనీయ సంఘటనలు" అని పెట్టారు. అవాంఛనీయం అంటే ఎవరికి అన్న ప్రశ్న వస్తుందని అదీ తీసేశారు. సంఘటనలు మిగిలాయి. "ఎవరు ఘటించారని అడిగితే?" అన్నాడు వియ్యంకుడు. ఎంత ముందుచూపు! ఇలాంటివాళ్లు సరిహద్దులో ఉండాల్సిందండీ.

మూడు గంటల తర్వాత ఉపన్యాసం ఆమోదం పొంది బయటికొచ్చింది. అందులో "సభకు నమస్కారం" ఉంది. "సెలవు" ఉంది. వాటి కింద "సభికుల ప్రశ్నలకు వక్త సమాధానం చెబుతారు" అన్న వాక్యం ఉంది. అది ప్రతి ఏడూ వేసే వాక్యం కావడంతో ఎవరి కంటికీ ఆనలేదు.

శుక్రవారం హాలు కిక్కిరిసింది. ఫొటో చేసిన పుణ్యం! మాస్టారి భార్య రెండో వరుసలో చివరి కుర్చీలో కూర్చుంది. మాస్టారు లేచారు. సభకు నమస్కరించారు. సెలవు తీసుకున్నారు. నిమిషం కూడా పట్టలేదు. డైరెక్టరు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడిన సెక్యూరిటీ గార్డు చెయ్యెత్తాడు.

"సారూ, నాదొక డౌటు. తొమ్మిదేళ్ల నుంచి ఈ గేటు దగ్గర అందరి సంచులూ వెతుకుతున్నా. టిఫిను డబ్బాలు కూడా మూత తీసి చూస్తున్నా. అసలు వీళ్లు ఎవరు, ఎందుకు పేలుస్తారు అన్నది నాకు ఒక్కరూ చెప్పలా. మీకేమన్నా తెలుసా?"

హాలంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశారు. గంటా పది నిమిషాలు మాట్లాడారు. తేదీలు ఒకటి రెండు తప్పు కూడా చెప్పారట!

"బాంబు పెట్టేవాడికి చచ్చిపోయేవాళ్లతో పగ ఉండదు నాయనా," అన్నారు చివర్లో. జవాబు గార్డుకి చెబుతున్నారు, చూపు మాత్రం రెండో వరుసలో ఉంది. "వాళ్ల పేర్లు కూడా తెలీవు. వాడు బెదిరించాల్సింది ఇంకెవరినో. ఒక ప్రభుత్వాన్ని, లేకపోతే ఒక జాతిని. ఆ బెదిరింపు ఉత్తరానికి మనుషుల్ని కాగితంలా వాడుకుంటాడు. పాతరోజుల్లో ఒకడు, బండిలో పిల్లలున్నారని చూసి చేతిలో బాంబు వెనక్కి తీసుకున్నాడు. తర్వాతివాళ్లు ఆ లెక్క చూడ్డం మానేశారు. ఏదో తప్పు చేసినవాణ్ని చంపితే తప్పు చేసినవాళ్లే భయపడతారు. ఏమీ చెయ్యనివాణ్ని చంపితే అందరూ భయపడతారు. మావాడు ఏమీ చెయ్యలేదు. అందుకే పోయాడు."

భార్య తల వంచుకుని ఉంది. హాలు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. ఆయన దిగివచ్చి పక్కన కూర్చుంటే, "ఇన్నాళ్లూ వాడే ఏదో తప్పు చేసి ఉంటాడేమోనని లోపల ఒక మూల అనుకునేదాన్నండీ," అంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. పదకొండేళ్లలో ఆవిడ తమ్ముడి గురించి మాట్లాడిన మొదటి మాట అది.

సోమవారం మెమో వచ్చింది. ఆమోదం లేని సంగతులు ఎందుకు చెప్పారో మూడు రోజుల్లో రాతపూర్వకంగా వివరించాలి! మాస్టారు సంబరపడిపోయారు. మళ్లీ ఎందుకు అని అడిగారు కదా! నలభై ఒక్క పేజీల సంజాయిషీ రాశారు. రూలు ప్రకారం దాన్ని కమిటీ సభ్యులు ముగ్గురూ చదివి సంతకం చేయాలి.

ఇద్దరు సంతకం చేశారు. మూడో ఆయన, ఆ రిటైర్డు పోలీసాఫీసరు, మాస్టారికి ఫోన్ చేశాడు.

"మొత్తం చదివానండీ. సర్వీసులో ఉండగా ఇలాంటివాళ్లని నలుగుర్ని పట్టుకున్నా. ఎవరిచ్చారు, ఎక్కడ దాచావు అని అడిగానే గానీ, ఎందుకురా అని ఒక్కణ్నీ అడగలేదు. ఆ రోజు కమిటీలో నేను నోరు విప్పాల్సింది. మనకెందుకులే, ఏం మీదికొస్తుందో అని ఊరుకున్నా."

ఆయన కమిటీకి రాజీనామా ఇచ్చాడు. ఆయన కుర్చీలో యాజమాన్యం వారి రెండో వియ్యంకుణ్ని వేశారు. గార్డుని వేరే గేటు చూసుకోమన్నారు. మాస్టారు రిటైరయ్యారు. ఉపన్యాసాల్లో ఇకపై ప్రశ్నలుండవని తీర్మానించారు.

కాబట్టి ఆ కాలేజీ ఇప్పుడు పూర్తిగా సురక్షితం! క్లాసులో ఎవరూ ఏమీ అడగరు. అడిగినా ఎవరూ ఏమీ చెప్పరు. నలుగురు కలిసి మాట్లాడుకుంటుంటే అయిదోవాడు దూరంగా జరిగిపోతాడు. లైబ్రరీలో పుస్తకం తీసేముందు అందరూ అటూ ఇటూ చూస్తారు. బాంబులు పెట్టేవాళ్లు ఎన్ని ప్రాణాలు తీసినా చివరికి కోరుకునేది ఇదే.

పైగా, ఆ కాలేజీలో ఒక టపాకాయ కూడా పేలలేదు!