కాళ్ళు లేని అధ్యక్షుడు

"ముళ్ళయ్యా! ఒరేయ్ ముళ్ళయ్యా! ఎక్కడ చచ్చావ్?"

ఒక పెద్ద అడవిలో, పొద్దున్నే, పంచాయతీ అధ్యక్షుడు భల్లూకరావు కేక అది. ఎలుగుబంటి పిలిస్తే రానిదెవరు! ముళ్ళపంది ముళ్ళయ్య పరిగెత్తుకొచ్చాడు. రాగిరేకుకి మైనం పూసి, తన ముల్లుతోనే గీసి బొమ్మలు చేస్తాడతను. ఆ గీతలు వెన్నెల్లో గడ్డిపోచల్లా ఉంటాయి.

"ఎన్నికల్లోపు సభామందిరానికి నా బొమ్మ కావాలి. నచ్చిందా, నువ్వే ఆస్థాన చిత్రకారుడివి. నచ్చలేదా, అడవి దాటిపో."

"ఎలా ఉండాలండీ?"

కార్యదర్శి నక్క అందుకుంది. "మధ్యలో అయ్యగారు. మిగతా మెంబర్లంతా ఆయన నడుం ఎత్తే. ఒక చేతిలో తక్కెడ, అంటే న్యాయం. ఇంకో చేతిలో తేనెపట్టు, అంటే సంక్షేమం. కాలికింద నలుగుతూ అవినీతి."

"అవినీతిని ఎలా గియ్యమంటారు? పాములా?"

"బుస్! నేను మూడో వార్డు మెంబర్ని," అంది సభామందిరం చూరులోంచి పాము.

"పోనీ ఎలుకలా?"

"వాళ్ళవి గంపెడు ఓట్లురా!" భల్లూకరావు బుర్ర గోక్కున్నాడు. "అసలు ఓటు లేనిదెవరికి?"

"చీమలకండీ," అంది నక్క.

"గియ్యి."

గీశాడు. చీమల్ని అంత అందంగా ఎవరూ గీసి ఉండరు, పాపం, కాలికిందే అయినా.

ఇక కావలసింది ఆమ్లం. గీతల మీద పోస్తే అది రాగిని తింటుంది. ఆ గుంటల్లో మసి నింపి కాగితం అద్దితే బొమ్మ దిగుతుంది. ఆ అడవిలో ఆమ్లం ఉన్నది చీమల దగ్గరే. ముళ్ళయ్య రేకు పట్టుకుని వాళ్ళ పుట్టకి వెళ్ళాడు.

"ఇందులో మేం ఎక్కడున్నాం నాయనా?" అనడిగింది చీమలపెద్ద ఎర్రమ్మ.

ముళ్ళయ్య తలొంచుకుని రేకు చూపించాడు. ఎర్రమ్మ రేకు మీదికెక్కి ఆ కాళ్ళ దాకా నడిచింది.

"ఆ కాళ్ళ దగ్గర మేమే పోస్తాంలే. నువ్వు కాస్త అటు తిరుగు."

ముళ్ళయ్య అటు తిరిగాడు.

సభలో తెర లాగారు. బొమ్మలో భల్లూకరావు మోకాళ్ళ దాకా నిగనిగలాడుతున్నాడు. ఆ కింద రాగిరేకు చిల్లులు పడి అచ్చు దిగలేదు. కాళ్ళూ లేవు, చీమలూ లేవు, ఒట్టి తెల్లకాగితం.

సభ గొల్లుమంది. భల్లూకరావు కళ్ళు ఎర్రబడ్డాయి. నక్క చటుక్కున లేచింది.

"ఆహా, ఎంత లోతైన భావం! అయ్యగారు నేల మీద నడిచేవారా? తేలుతున్నారు! పైగా అవినీతి ఆనవాలే లేదు!"

నవ్విన నోళ్ళే చప్పట్లు కొట్టాయి.

"నేనూ అదే అనుకున్నా," అని ఛాతీ విరిచాడు భల్లూకరావు. "ఒరేయ్, ఇవాళ్టి నుంచి నువ్వు ఆస్థానంలో. ఇంకోటి గియ్యి. ఈసారి చీమలు బాగా కనబడాలి. చీమల బడి గోడకి పెడదాం, పిల్లలు చూసి బుద్ధిగా ఉంటారు."

"అయ్యగారూ..." ముళ్ళయ్య ఒకడుగు ముందుకేశాడు. "అందులో భావమేం లేదండీ. మీ కాళ్ళు చీమలు తినేశాయి. తింటాయని తెలిసే నేను అటు తిరిగాను."

నీతి: ఎవరినైనా కాలికింద పెట్టుకోండి, ఆమ్లం మాత్రం వాళ్ళని అడక్కండి.