గంగబొండం కింద ఫైబరు

ఫైబరు కేబులు తెగితే గుండెలు బాదుకునేవాళ్ళు ఒట్టి అమాయకులు. తెగిన కేబులు ఊరికి వరం! అది తెగి ఉన్నన్నాళ్ళూ ఊరు పచ్చగా ఉంటుంది. ఇది అలంకారం కాదు, కళ్ళతో చూడదగ్గ పచ్చదనం.

నమ్మకం లేనివాళ్ళు పి.గన్నవరం దాటి కాలవగట్టుపాలెం దాకా వెళ్ళి, కొండలరావు చేను పక్కన రోడ్డు మార్జినులో బారులు తీరిన కొబ్బరిమొక్కల్ని లెక్కపెట్టుకోవచ్చు. మొత్తం పన్నెండు. మొదటి గొయ్యి ఒక్కటే కొండలరావు తవ్వినది. మిగతా పదకొండూ టెలిఫోను వారి పుణ్యం!

కొండలరావు బద్ధకస్తుడు కాడు. కాలవ ఒడ్డు వదిలి కదలడం ఇష్టంలేని మనిషి, అంతే. నీళ్ళు కనబడని చోట అతనికి అన్నం సయించదు. అలాంటివాడి మీద తొంభైతొమ్మిదిలో పిడుగు పడింది. భార్య బుజ్జమ్మ తమ్ముడు సాయిబాబు మస్కట్‌లో ఉండేవాడు. బావగారికి వీసా కుదిర్చేనని, బయల్దేరాల్సిన తారీఖు శుక్రవారం ఫోను చేసి చెబుతానని కబురు పంపేడు.

బుజ్జమ్మ ఆనందానికి మేరలేదు. కొండలరావు మాత్రం మంచం పట్టినంత పని చేసేడు. చెట్టు నీడ లేని దేశంలో మధ్యాహ్నం ఎక్కడ పడుకుంటారు? ఈ ప్రశ్న పలకరించడానికి వచ్చినవాళ్ళనల్లా అడిగేడు.

గురువారం పొద్దున్నే, మనసు కుదుటపడుతుందని గంగబొండం రకం కొబ్బరిమొక్క ఒకటి నాటబోయేడు. సొంత చేలో కాదు, రోడ్డు మార్జినులో. సర్కారు జాగాలో మొక్క వేస్తే అది మొక్కతో ఆగదని కోనసీమలో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ 'కేబులు ఉన్నది, తవ్వరాదు' అని చెక్కిన రాయి కూడా ఉంది. దానికి కొండలరావు గేదెని కట్టేవాడు.

అయిదడుగుల లోతున పాతాల్సిన కేబులు అడుగున్నరలోనే తగిలింది. వేసిన కాంట్రాక్టరుకి రైతుల నడుములంటే ఎంత జాలో! ఒక్క గునపం పోటుకి నల్లటి తాడులాంటిది రెండు ముక్కలైంది. కొండలరావు దాన్ని వేరనుకున్నాడు. లోపల గాజు వెంట్రుకలు మెరిసేసరికి వేరు కాదని తెలిసింది. పెద్దవాళ్ళు చెప్పినట్టు, తెలిసినవన్నీ పైకి చెప్పకూడదు. మొక్క నిలబెట్టి, మట్టి కప్పి, దాని మొదట్లో పసుపూ కుంకుమా వేసి ఇంటికెళ్ళి స్నానం చేసేడు.

శుక్రవారం తెల్లారినప్పటి నుంచి బుజ్జమ్మ ఫోను పక్కనే కూర్చుంది. అది మోగలేదు. శనివారమూ మోగలేదు. కొండలరావుకి ఆకలి వెయ్యడం మొదలైంది.

ఇక ఊరికి కలిగిన మేలు ఎంతని చెప్పాలి? ఎక్స్ఛేంజి ఊళ్ళోనే ఉంది కనక ఊరి ఫోన్లు ఊళ్ళోవరకూ మోగేవి. ఎదురింటికి చేస్తే భేషుగ్గా కలిసేది. ఎదురింటాయన రిసీవరు చెవిన పెట్టుకోవడం కిటికీలోంచి కనబడుతూనే ఉండేది. బయట ఊళ్ళ చుట్టాలు వస్తున్నామని చెప్పే దారి లేక రావడం మానేసేరు. వేరే ఊళ్ళ వియ్యాలవాళ్ళ తగువులు ఎక్కడివక్కడ ఆగిపోయేయి. పోస్టుమాన్‌కి మళ్ళీ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చేరు. బస్సు కండక్టరు ఇంగువ దగ్గర్నించి పెళ్ళి కబుర్ల దాకా మోసి, ఆ ఏడు సర్పంచిగా నిలబడదామా అని ఆలోచించేడు!

ఇంతటి అభివృద్ధిని అడ్డుకోవడానికి టెలిఫోను వారు తొమ్మిదో రోజున జీపులో దిగేరు.

వాళ్ళ ఆఫీసరు, జేటీవో నాగేంద్రబాబు గారిది కొత్తపేట వైపు. తండ్రికి రెండెకరాల కొబ్బరితోట. లైన్‌మాన్ దానం పాతికేళ్ళుగా ఇదే గట్టు మీద తిరుగుతున్నవాడు. వాళ్ళ దగ్గరొక మిషను ఉంది. కేబులు కొసన తగిలిస్తే, తెగిన చోటు ఎంత దూరంలో ఉందో మీటర్లతో సహా చెబుతుంది. అది ఎక్స్ఛేంజి నుంచి రెండు కిలోమీటర్ల మూడువందల నలభై అంది.

టేపు పట్టుకుని కొలిచేరు. తవ్వేరు. కేబులు లేదు. కాయితం మీద రోడ్డుకి ఎడమవైపున్న కేబులు నేల మీద కుడివైపుందని మర్నాడు తేలింది. కుడివైపు తవ్వితే కేబులుంది, కానీ లక్షణంగా ఉంది. మళ్ళీ కొలిచేరు, మళ్ళీ తవ్వేరు. ఆ మర్నాడు అతుకు వేసే మిషను రాజమండ్రి నుంచి వచ్చింది. దాన్ని నడిపే మనిషి రాలేదు. మనిషి వచ్చేసరికి మిషను వేరే ఊరు వెళ్ళిపోయింది. రెండూ కలిసొచ్చిన రోజున జనరేటరు లేదు. ఆఖరికి మూడూ సమకూడేయి, అప్పటికి గోతుల్లో నీళ్ళూరి కప్పలు కాపరం పెట్టేయి.

వాళ్ళు జీపెక్కిన ప్రతిసారీ కొండలరావు గోతిలో నీళ్ళు తోడి, ఇసకా ఉప్పూ వేసి ఒక మొక్క నాటేసేవాడు. తవ్వినవాళ్ళు పూడ్చిపోయే ఆనవాయితీ లేదు గనక అతను చేసింది ప్రజాసేవే. వాళ్ళు తిరిగొచ్చేసరికి అక్కడ గొయ్యి ఉండేది కాదు, మొక్క ఉండేది. వాళ్ళు పక్కన తవ్వేవారు.

ఇలా జరిగి జరిగి, మిషను చూపించిన చోటు చివరికి గంగబొండానికి ఇటు రెండు గజాలూ అటు రెండు గజాలూ మిగిలింది. ఇటు గోతిలో కేబులు బాగుంది. అటు గోతిలోనూ బాగుంది. అందరూ మొక్క వైపు చూసేరు. కొండలరావు గేదె తాడు సరిచేస్తూ నిలబడ్డాడు.

"దానం, ఈ రెండిటి మధ్యా ఏముంది?" అన్నారు నాగేంద్రబాబు గారు.

"మొక్కండి."

"దాని కింద?"

"దాని వేళ్ళుంటాయండి."

"వేళ్ళ కింద?"

"అంత లోతు మనకెందుకండీ. కొబ్బరిమొక్క. పసుపు కూడా పెట్టేరు."

నాగేంద్రబాబు గారు వంగి చూసేరు. అప్పుడే విడుతున్న కొత్త ఆకుని వేలితో మెల్లగా ముట్టుకున్నారు. గునపం పట్టుకున్న కూలీ ఒక అడుగు వెనక్కి వేసేడు.

"ఏ రకం?"

"గంగబొండం అండి," అన్నాడు కొండలరావు.

"కొమ్ముపురుగు పడుతుంది, చూసుకోండి. మొవ్వులో కాస్త వేపపిండీ ఇసకా వెయ్యండి."

"ఆయ్."

అంతే. మొక్కని పీకమని ఆయన నోటితో ఎలా అంటారు? దానం చేతులతో ఎలా పీకుతాడు? కొడుకులాంటిదని తరతరాలుగా అనుకునే చోట, గాజు వెంట్రుకల కోసం అంత పాపం ఎవరు మూటగట్టుకుంటారు? రిజిస్టరులో 'ప్రత్యామ్నాయ మార్గం పరిశీలనలో ఉంది' అని రాసుకుని జీపెక్కేరు. కొండలరావు ఆ మధ్యాహ్నం కాలవగట్టున హాయిగా నిద్రపోయేడు.

సాయిబాబు మూణ్ణెల్లపాటు ప్రతి శుక్రవారం ఫోను చేసేడు. రెండు ఉత్తరాలూ రాసేడు; రెండూ పోస్టుమాన్ కొండలరావు చేతికే ఇచ్చేడు. మొక్కలకి నీళ్ళు పొయ్యడంతో కొండలరావుకి జవాబు రాసే తీరిక చిక్కలేదు. ఇంతలో ఒక రోజు వీధిలో టాక్సీ ఆగింది. అక్కాబావలకి ఏమైందోనని హడలిపోయి, సెలవు పెట్టుకుని సాయిబాబే దిగేడు.

ఫోనైతే పెట్టెయ్యొచ్చు. ఎదురుగా నిలబడ్డ బావమరిదిని ఎలా పెట్టెయ్యడం?

"ఫోను కలవలేదు బావా. పోన్లే, నీ వీసా చేత్తోనే తెచ్చేను," అన్నాడు సాయిబాబు. బుజ్జమ్మ అప్పటికే అటక మీంచి సూటుకేసు దింపుతోంది.

మస్కట్‌లో కొండలరావుకి దొరికిన పనేమిటంటే, ఫైబరు కేబులు కోసం గోతులు తవ్వడం! రెండో వారంలోనే ఎక్కడో బుల్‌డోజరు తగిలి కేబులు తెగింది. పొద్దున్న ఎనిమిదింటికి బండి వచ్చింది. అందులో మిషనూ, మనిషీ, జనరేటరూ మూడూ ఉన్నాయి. చూపించిన చోటే తవ్వించేరు. అక్కడే కేబులుంది. పన్నెండింటికల్లా అతికేసి, గొయ్యి పూడ్చేసి, ఇసక చదును చేసేసేరు.

కొండలరావు పార పట్టుకుని అలాగే నిలబడిపోయేడు. నాలుగు గంటలు! ఎంత అనాగరికమైన దేశం! ఒక్క మొక్కైనా నాటుకునే వ్యవధి ఇవ్వరే! ఇలాంటిచోట పచ్చదనం ఎలా పెరుగుతుంది? అది ఎడారి కావడానికి కారణం వానలు లేకపోవడమని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు, పాపం.

ఆ శుక్రవారం అతను టెలిఫోను బూతు ముందు గంటసేపు వరసలో నిలబడి ఇంటికి ఫోను చేసేడు. కలవలేదు. ఆ పై శుక్రవారమూ కలవలేదు. బుజ్జమ్మ గొంతు విని ఎన్నాళ్ళైందో లెక్కపెట్టుకుంటే, ఫోను చప్పుడుకి భయపడి తను మంచమెక్కిన రోజులు గుర్తొచ్చేయి. అయిదో శుక్రవారం గదికెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాలుగు పేజీల ఉత్తరం రాసేడు. ఆ గురువారం గునపం సంగతి మొత్తం ఒప్పుకున్నాడు. వెంటనే దానాన్ని పిలిపించి గంగబొండాన్ని పీకించెయ్యమన్నాడు.

జవాబు నెలకి వచ్చింది.

'మొక్కని పీకమని రాసేరు. ఎండకి బుర్ర వేడెక్కినట్టుంది, మజ్జిగ తాగండి. కొబ్బరిమొక్క కొడుకుతో సమానమని నాకు చెప్పింది మీరే. మీ ఉత్తరం దానం గారికి చూపించేను. ఆయన చదివి, మడతపెట్టి, ఇలాంటివి మళ్ళీ రాయొద్దని చెప్పమన్నారు. మొన్న జేటీవో గారు కూడా జీపులో వచ్చేరు. పీకడానికేమోనని పరిగెత్తుకెళ్ళేను. మొక్క మొదట్లో ఎరువేసి, కొత్త ఆకులు లెక్కపెట్టుకుని వెళ్ళేరు. ఇంకో మూడేళ్ళకి గెల వేస్తుందట. అప్పటికి వచ్చెయ్యండి, మొదటి బొండం మీకే. వచ్చేముందు ఫోను చెయ్యక్కర్లేదు.'