స్వచ్ఛ వాయువు, నలభై ఒక్క పొయ్యిలు

అక్టోబరులో నా చేతిలో ఉన్నవి ఇవి: హోర్సెన్స్ పట్టణంలో ఒక అద్దె దుకాణం, ఎవరూ తొంగిచూడని ఒక వెబ్‌సైటు, గది వెచ్చబెట్టే ఇనప కట్టెల పొయ్యిలు నలభై మూడు. జనవరి ఒకటి నుంచి ఆ రకం అమ్మకూడదని స్వచ్ఛ వాయు శాఖ ఉత్తర్వు. ఆలోగా పొయ్యిలు పోకపోతే దుకాణానికి తాళమేనని నా భార్య ఇంగెలిసె తేల్చేసింది.

ఆ నెలలోనే మంత్రివర్గం మారింది. కొత్త మంత్రి మెరెటె స్కౌబో దూరదృష్టి గల మనిషి. పదవి చేపట్టిన రోజునే, చిన్న జెండాలు గుచ్చిన కేకు ముందు నిలబడి చారిత్రక ప్రకటన చేశారు.

"గాలి అనేది పాత ఆలోచన. ఇకనుంచి మనది శ్వాస, సమతుల్యత, భవిష్యత్తుల శాఖ!"

చప్పట్లు మోగాయి. బోర్డు మారింది, లెటర్‌హెడ్ మారింది, వెబ్ చిరునామా మారింది. పాత చిరునామాకు ఏటా కట్టే రుసుము ఆపేసి, ఎంత ఆదా అయిందో పత్రికలకు కూడా చెప్పారు. రెండు కాఫీల ఖరీదు. ప్రజాధనం మీద అంత మమకారం నేనెక్కడా చూడలేదు.

గడువు తీరి చిరునామా అమ్మకానికి వచ్చిన ఉదయమే దాన్ని నేను కొన్నాను. పాత చిరునామా అంటే మంచి కూడలిలో పాత కొట్టు లాంటిది. యజమాని మారినా జనం అలవాటుగా అటే వస్తారు. దేశంలో ప్రతి మునిసిపాలిటీ, ప్రతి బడీ తమ పేజీల్లోంచి దానికే దారి చూపిస్తున్నాయి. అందులో నా పొయ్యిల ఫొటోలు పెట్టాను. పేరూ ఫోన్ నంబరూ నావే. మోసం లేదు.

మర్నాడే ఫోను మోగింది.

"పొగ తగ్గించమని చెప్పింది మీరేగా? ఏ పొయ్యి కొనమంటారు?" అని అడిగింది ఒక పెద్దావిడ.

"అమ్మా, ఇది దుకాణం. మంత్రిగారి శాఖ కాదు."

"అనుకున్నాలే. శాఖయితే ఫోనెత్తుతారా?"

ఆ వారంలో రెండు పొయ్యిలు పోయాయి. నలభై ఒకటి మిగిలాయి.

తర్వాతి వారం రాజధాని కోపెన్‌హాగెన్ నుంచి రైలెక్కి ఫ్లెమ్మింగ్ వచ్చాడు. శాఖలో పెద్ద అధికారి. కాఫీ పోశాను.

"ఆస్గర్, బడిపిల్లలు స్వచ్ఛమైన గాలి గురించి చదువుకోడానికి మా సైటు తెరిస్తే నీ పొయ్యి ధర కనిపిస్తోందయ్యా! మంత్రికి నిద్ర లేదు. ఆ చిరునామా అమ్మెయ్."

"నేనమ్మను. తిరిగి అమ్ముకోడానికే చిరునామా కొనడం మన దేశంలో నేరం. ఆ చట్టం చేసింది మీరే."

"పోనీ ఊరికే ఇచ్చెయ్."

"నువ్వు నాకేమన్నా మేనల్లుడివా?"

"అయితే వెబ్ చిరునామాల తగాదాలు తీర్చే బోర్డుకి ఫిర్యాదు చేస్తాం."

"చేసుకో. 'మా చిరునామా మేమే వదిలేసుకున్నాం' అని మొదటి పేరాలోనే రాయాలి. మంత్రి సంతకం పెడతారంటావా?"

ఫ్లెమ్మింగ్ కాఫీ కప్పు పక్కకు జరిపాడు. "మరి దారేది?"

"వెబ్ వ్యాపారం మొత్తం కొనుక్కో. చిరునామా దాంతోపాటే వస్తుంది. అది తప్పు కాదు."

"పొయ్యిలతో సహానా?"

"సరుకు లేకపోతే వ్యాపారమెలా అవుతుంది?"

"స్వచ్ఛ వాయు శాఖ కట్టెల పొయ్యిలు కొనడమా! జనం నవ్వరూ?"

"ఇప్పుడు మీది స్వచ్ఛ వాయు శాఖ కాదుగా. శ్వాస, సమతుల్యత..."

"భవిష్యత్తు," అన్నాడు ఫ్లెమ్మింగ్. అతని మొహం తేటపడింది.

డిసెంబరులో లారీ వచ్చి పొయ్యిలన్నీ తీసుకుపోయింది. మంత్రి విలేఖరులను పిలిచారు.

"ఒక్క రోజులో నలభై ఒక్క పొయ్యిలను, వెలగకముందే ఆపాం! ఇంత వేగంగా పొగ తగ్గించిన శాఖ ఈ దేశంలో లేదు."

ఒక్కో పొయ్యి ఇరవయ్యేళ్లలో వదలబోయే పొగ ఎన్ని కిలోలో బోర్డు మీద చూపించారు. రాని పొగను అంత కచ్చితంగా తూచిన మనిషిని నేనెరుగను.

"పొగ తగ్గిందని జనానికి ఎలా తెలుస్తుంది?" అని అడిగాడొక విలేఖరి.

"ఒక్కసారి ఊపిరి పీల్చండి," అన్నారు మంత్రి.

అతను పీల్చాడు. పీల్చి రాసుకున్నాడు.

జనవరిలో ఫ్లెమ్మింగ్ ఫోన్ చేశాడు.

"ఈ ఏడాది లక్ష్యం రెట్టింపు చేశారు. ఎనభై రెండు. సరుకుందా?"

"ఎలాంటివి కావాలి?"

"పాత రకమే. పొగ బాగా వచ్చేవి చూడు. ఎంత పొగొస్తే మాకు అంత తగ్గింపు."

"ఆ రకం ఇప్పుడు అమ్మకూడదు కదయ్యా!"

"వెలిగించుకునేవాళ్లకి అమ్మకూడదు. మేం వెలిగించం."

ఆ పొయ్యిలు పోతపోసే కర్మాగారం రెండేళ్ల కిందటే మూతపడింది. యజమానికి కబురు పెట్టాను. కొలిమి మళ్లీ అంటించారు. ఇప్పుడు రాత్రి షిఫ్టు కూడా నడుస్తోంది. చుట్టుపక్కలవాళ్లు కిటికీలు మూసుకుంటున్నారట.

ఇక ఆఖరి లెక్క. దుకాణం అద్దె ఏడాదికి ముందే కట్టేశాను. పొయ్యికి నాలుగు వేల క్రోనర్లు మిగులుతున్నాయి. శాఖకు పంపిన పొయ్యి సరిగా మండటం లేదని ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.