నాలుగో గదిలో గొంతు

ఆ ఆదివారం ఉదయం నిదానంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే లేవాలి, కాఫీ తాగాలి, వయొలిన్ ఇంటికి వెళ్లి తన గొంతుతో చేసిన రికార్డింగులను ఆడియో గైడ్లలోకి ఎక్కించాలి, జనం వచ్చేలోగా తలుపులు తెరవాలి. ఇందులో అనుకున్నట్టు జరిగింది కాఫీ ఒక్కటే.

నిదానం అనేది ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కూడా ముందూవెనకా ఆలోచించే మనిషి కాబట్టి ఆఫీసువాళ్లు పెట్టుకున్నారు, అది ఇంటిదాకా వచ్చి స్థిరపడింది. ఆయన క్యూరేటరుగా చూసుకునే వయొలిన్ ఇల్లు ఒకప్పుడు పేరు మోసిన వయొలిన్ విద్వాంసుడు కాపురమున్న ఇల్లు. కాపురం అనకూడదేమో, ఆయన బ్రహ్మచారి. ఆయన మంచం, ఆయన కుర్చీ, తీగలు తెగిన వయొలిన్, పాత చెప్పుల జత గదుల వారీగా అమర్చి పెట్టారు. చూడ్డానికి వచ్చేవాళ్లకంటే దుమ్ము దులిపేవాళ్లే ఎక్కువ.

ఏటా వసంతంలో ఆ ఊళ్లో పాత కట్టడాలన్నీ ఒక వారం పాటు అందరికీ తెరిచి ఉంచుతారు. గడియార స్తంభం ఎక్కవచ్చు, పాత నాటకశాలలో తెర వెనక్కి వెళ్లి చూడవచ్చు, పార్కులో బ్యాండు మేళం వినవచ్చు. ఈసారి ఆ వారాన్ని జరిపే కమిటీ అధ్యక్షుడు ఒక మెలిక పెట్టాడు. ఈ వారంలో ఎవరిచేతా గడప తొక్కించుకోలేని కట్టడాన్ని మూసేసి, ఆ స్థలాన్ని బళ్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తారు. ఆ మాట చెబుతూ ఆయన నిదానంగారి వైపే చూశాడు.

నిదానంగారికి ఉద్యోగం పోతుందన్న బెంగ ఒకటైతే, ఆ విద్వాంసుడి మంచం మీదుగా ఎవడో స్కూటరు నడిపిస్తున్నట్టు కల రావడం ఇంకొకటి. అందుకే ఆడియో గైడ్లు తెప్పించాడు. మెడలో చిన్న యంత్రం తగిలించుకుని హెడ్‌ఫోను చెవులకు పెట్టుకుంటే, ఏ గదిలోకి వెళితే ఆ గది కథ వినిపిస్తుంది. చదివే కళాకారుడిని పెట్టుకునే స్తోమత లేక తానే చదివాడు. గది గోడలకు మాట ప్రతిధ్వనించకుండా ఉండాలని, ఇంట్లో బట్టల బీరువా తెరిచి, తల లోపల పెట్టి చదివాడు. ఈ సంగతి భార్యకు చెప్పలేదు. చెబితే నవ్వుతుందని.

నాలుగో గది, అంటే విద్వాంసుడి పడకగది కథ చదువుతుండగా ఆవిడ గదిలోకి వచ్చింది. ఎప్పటిలాగే నాలుగు మాటలు అంది. ఎప్పటిలాగే ఆయన వినలేదు, వెళ్లిపోయేదాకా ఆగాడు. తర్వాత ఆ కథ మొదటినుంచీ మళ్లీ చదివాడు, పాత రికార్డింగు తీసేయాలి అనుకున్నాడు. నిదానంగా తీసేయొచ్చులే అని వదిలేశాడు.

ఆదివారం ఉదయం ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నాక తెలిసింది, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడని. అక్షరాలు చీమల బారుల్లా కనిపించాయి. ఇంటికి ఫోను చేసి కళ్లజోడు పంపమన్నాడు. ఈలోగా బయట అడుగుల చప్పుడు వినిపించింది. అంచనా మీద ఫైళ్లు ఎక్కించేశాడు. పప్పులో కాలేశాడని ఆయనకు ఆ క్షణాన తెలియదు.

మొదట వచ్చింది ఒక ముసలి జంట. పార్కులో బ్యాండు మొదలుకావడానికి ఇంకా టైముందని, ఎండలో నిలబడలేక లోపలికొచ్చారు. మొదటి మూడు గదుల్లో ఆవులిస్తూ తిరిగారు. నాలుగో గదిలో పెద్దాయన ఒక్కసారిగా ఉలిక్కిపడి, భార్య చెవికి కూడా హెడ్‌ఫోను ఉందో లేదో చూసుకుని, ఆవిడ ముఖంలోకి చూడలేక తన చెప్పుల వైపు చూశాడు. ఆవిడ మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. బయటికి వెళుతూ టికెట్లమ్మాయితో, "ఆ భార్య గొంతు ఎవరు చేశారోగానీ, ప్రాణం పెట్టి చేశారమ్మా" అంది.

ఏ భార్య అని టికెట్లమ్మాయి ఒక యంత్రం తగిలించుకుని పరిగెత్తింది. వెనకే నిదానంగారు. హెడ్‌ఫోనులో ముందు ఆయన గొంతే గంభీరంగా వినిపించింది. "ఈ ప్రశాంతమైన గదిలోనే విద్వాంసుడు తన వసంత స్వరాలకు ప్రాణం పోశారు. ఈ నిశ్శబ్దమే ఆయనకు తోడు." ఆ వెంటనే మరో గొంతు అందుకుంది.

"తడి తువ్వాలు మళ్లీ మంచం మీదేనా? మంచమా ఇది, దండెమా? కిటికీ మూయమంటే ఆ చెవిన విని ఈ చెవిన వదిలేస్తారు, దుమ్మంతా లోపలే. పొద్దస్తమానం ఆ మూల దూరి ఎవరితో మాట్లాడుకుంటారో ఆ దేవుడికే తెలియాలి. మాట్లాడితే వినడానికి ఇక్కడొక మనిషుంది కదా."

నిదానంగారి పై ప్రాణాలు పైనే పోయాయి. తన ఇంటి గుట్టు విద్వాంసుడి మంచం మీద పడింది. అంతకంటే, ఆ చివరి మాట ఆవిడ అన్నట్టే ఆయనకు తెలియదు. బీరువాలో తలపెట్టి ఆవిడ ఎప్పుడు వెళుతుందా అని చూసిన మనిషి, ఆ మాట ఇప్పుడు వింటున్నాడు. సిగ్గేసింది.

వెంటనే తీసేద్దామని కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాడు. కళ్లజోడు లేదు. టికెట్లమ్మాయిని పిలిచి తీసేయమందామంటే ఆ అమ్మాయి గుమ్మంలో నిలబడి దారిన పోయేవాళ్లందరినీ పిలుస్తోంది. ముసలి దంపతులు పార్కులో చెప్పారట. బ్యాండు వినేవాళ్లు సగం మంది ఇటు తిరిగారు. గడియార స్తంభం ఎక్కుతున్నవాళ్లు మధ్యలో దిగి వచ్చారు. గంట తిరిగేసరికి వరస వీధి మలుపు దాటింది. నాలుగో గదిలోంచి భర్తలు తలలు వంచుకుని, భార్యలు తలలు ఎత్తుకుని బయటికి వస్తున్నారు.

ఆ వరసను తోసుకుంటూ ప్రొఫెసరుగారు వచ్చారు. విద్వాంసుడి జీవితచరిత్ర రాసింది ఆయనే. అందులో సగం పుస్తకం ఆ బ్రహ్మచర్యం మీదే నడుస్తుంది. సంగీతం కోసం సంసారాన్ని త్యాగం చేశాడన్నది ఆయన సిద్ధాంతం. వస్తూనే ఒంటికాలి మీద లేచారు. ఎవరీ ఆడమనిషి, ఏమిటి ఆధారం అని నిలదీశారు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, ఇల్లు బళ్ల పాలవుతుంది. అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకని నిదానంగారు రెండూ కాని మాట ఒకటి అన్నాడు.

"ఆవిడ గురించి నాకే ఈ ఉదయం తెలిసిందండీ."

అది అక్షరాలా నిజం. కానీ అప్పుడే లోపలికి వస్తున్న కమిటీ అధ్యక్షుడి చెవిన అది వేరేగా పడింది. ఆయన వరసను చూసి అప్పటికే పొంగిపోయి ఉన్నాడు. "శభాష్ నిదానం" అని వీపు తట్టాడు. విద్వాంసుడి రహస్య వివాహాన్ని కనిపెట్టిన పరిశోధకుడని అక్కడున్న వారందరికీ పరిచయం చేశాడు. ప్రొఫెసరుగారు కుర్చీ వెతుక్కున్నారు. దొరికింది విద్వాంసుడి కుర్చీయే, దాని మీద కూర్చోకూడదని టికెట్లమ్మాయి లేపేసింది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో నిదానంగారి భార్య కనిపించింది, చేతిలో కళ్లజోడుతో.

నిదానంగారు ఒక్క గెంతులో ఆవిడ ముందు వాలాడు. లోపల రంగుల వాసన అన్నాడు, నీకు తలనొప్పి అన్నాడు, వరస చాలా పొడుగుంది అన్నాడు. ఎన్నడూ లేనిది భర్త ఇన్ని మాటలు మాట్లాడేసరికి ఆవిడకు అనుమానం వచ్చింది. ఇంతమంది చూస్తుంటే నేను చూడకూడదా అంది. క్యూరేటరుగారి భార్యకు వరసేమిటని టికెట్లమ్మాయి స్వయంగా యంత్రం మెడలో వేసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది.

నాలుగో గదిలో ఆవిడ హెడ్‌ఫోను పట్టుకుని నిలబడింది. నిదానంగారు తలుపు చాటున నక్కాడు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. మంచం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. చివరికి హెడ్‌ఫోను తీసింది. ఎవరి గొంతైనా బయటినుంచి వింటే వాళ్లకే పరాయిగా ఉంటుంది. ఆ ఒక్క సూత్రమే ఆ రోజు నిదానంగారిని కాపాడింది.

"ఎవరండీ ఈవిడ? పాపం, ఎంత విసిగిపోయిందో" అంది.

"విద్వాంసుడి భార్యమ్మా" అన్నాడు అధ్యక్షుడు.

"ఆయనకు భార్య లేదు" అన్నారు ప్రొఫెసరుగారు నీరసంగా.

ఆవిడ ప్రొఫెసరుగారి వైపు జాలిగా చూసింది. "తడి తువ్వాలు గురించి ఇలా మాట్లాడేది పెళ్లాం కాకపోతే ఇంకెవరవుతారండీ?"

గదిలో ఉన్న ఆడవాళ్లంతా ఔనన్నారు. ప్రొఫెసరుగారికీ ఇంట్లో భార్య ఉంది. చివరికి ఆ వాదనే సరైనదని ఒప్పుకుని, రెండో సంపుటి రాయాలంటూ వెళ్లిపోయారు.

వయొలిన్ ఇల్లు నిలబడింది. అధ్యక్షుడు వెళుతూ వెళుతూ ఇంకో మెలిక పెట్టాడు. వచ్చే ఆదివారానికి వంటగదిలోనూ, హాల్లోనూ కూడా ఆవిడ గొంతు వినపడాలన్నాడు. ఒక్క గదిలో మాట్లాడి ఊరుకునే భార్య ఎక్కడైనా ఉంటుందా అని నవ్వాడు.

మర్నాటి నుంచి నిదానంగారు రికార్డరు చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. తడి తువ్వాలు మంచం మధ్యలో పరిచాడు. భార్య వచ్చి, చూసి, మాట్లాడకుండా తీసి ఆరేసింది. కిటికీలు బార్లా తెరిచాడు. ఆవిడే వచ్చి మూసింది. బురద చెప్పులతో హాలంతా తిరిగాడు. తడిగుడ్డ పెట్టి తుడిచి, కాఫీ తెచ్చి ఇచ్చింది. ఏమిటీ మార్పని అడిగితే ఆవిడ పక్కన కూర్చుంది.

"ఆ గొంతు విన్నప్పటినుంచీ మనసు బాగాలేదండీ. మంచి మాటే అయినా అంత గట్టిగా అరిస్తే ఎవరు వింటారు? నేనెప్పుడూ అలా ఉండకూడదనుకున్నాను."

ఇల్లు ప్రశాంతంగా ఉంది. నిదానంగారికి ఆ ప్రశాంతత కరవడానికి వస్తున్నట్టు అనిపించింది. అధ్యక్షుడు అడిగిన గదుల సంగతి అటుంచి, ఆవిడ తనను ఏమీ అనకపోవడం ఆయనకు నిజంగానే బాగాలేదు. ఇంట్లో ఎవరూ లేనట్టు ఉంది. శనివారం సాయంత్రానికి ఇక ఉండబట్టలేక నోరు విప్పాడు. బీరువా సంగతి, కళ్లజోడు సంగతి, ఫైలు సంగతి చెప్పాడు. ఆ గొంతు నీదే అన్నాడు. చివరి మాట తాను ఆ రోజు వినలేదని, ఇప్పుడు రోజూ వింటున్నానని కూడా చెప్పాడు.

ఆవిడ మొదలుపెట్టింది. ఊరంతా తన గొంతు విందా అంది. పరాయి మగవాడి పక్కన, అదీ పోయినవాడి పక్కన తనను కాపురం పెట్టిస్తారా అంది. బురద చెప్పుల దగ్గరికి వచ్చింది, కిటికీల దగ్గరికి వచ్చింది, పెళ్లినాటి విషయాల దాకా వెళ్లి తిరిగి వచ్చింది. నిదానంగారు ఈసారి తల ఎక్కడా దాచుకోకుండా, ఎదురుగా కూర్చుని ప్రతి మాటా విన్నాడు. హాయిగా ఉంది.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆవిడకు ఆయన జేబులో మిణుకుమంటున్న ఎర్రదీపం కనిపించింది. చెయ్యి పెట్టి రికార్డరు బయటికి తీసింది. అది అప్పటిదాకా తిరుగుతూనే ఉంది. నిదానంగారు కళ్లు మూసుకున్నాడు.

"వంటగదికా ఇది, హాలుకా?" అంది ఆవిడ.

"రెంటికీ" అన్నాడు.

"జేబులో పెట్టుకుంటే మాట స్పష్టంగా ఎలా వస్తుంది? బీరువా తెరవండి."

ఆవిడ మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, మొదటినుంచీ అందుకుంది. ప్రొఫెసరుగారి రెండో సంపుటి ఇప్పుడు దాదాపు పూర్తయిందట, విద్వాంసుడి పెళ్లి తేదీ ఒక్కటే ఇంకా తేలలేదు.