రక్కని పిల్లి

తాండూరు నాపరాళ్ల డిపోలో గుమాస్తా అనంతయ్యకు కుదురు తక్కువ. అన్నం తింటూ రెండుసార్లు లేచేవాడు, గడ్డం సగం గీసుకుని వీధిలోకి తొంగిచూసేవాడు. ఊళ్లో అందరూ ఆయన్ని ఉరుకుల అనంతయ్య అనేవాళ్లు. ఆయనకు కాస్త కూర్చోవాలనిపించే చోటు ఒక్కటే, వసారాలో పడక కుర్చీ. అందులో ఎప్పుడూ ఒక వీధి పిల్లి పడుకుని ఉండేది. భార్య ఈశ్వరమ్మ దానికి పాలు పోసేది, అదీ మీగడతో. వెళ్లగొడదామంటే, అది మనల్ని ఏం చేసిందని అడిగేది.

ఏదో ఒకటి చేస్తే సరి అనుకున్నాడాయన. 1961 వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున, పాలు తాగి మత్తుగా ఉన్న పిల్లిని గోనెసంచిలో వేసి, పక్క ఊరు యాలాల్ వెళ్లే ఎల్లప్ప ఎడ్లబండి ఎక్కించాడు. తరువాత పెరట్లో రేగుముల్లుతో ముంజేతి మీద ఒక గీత గీసుకుని, పిల్లి రక్కి పారిపోయిందంటూ ఇంట్లోకి వచ్చాడు.

ఈశ్వరమ్మ గాభరా పడలేదు. ఆయన్ని బావి దగ్గర కూర్చోబెట్టి, సబ్బు రుద్ది, చేద మీద చేద నీళ్లు పోసింది. పక్కింటి హన్మమ్మ గాయానికి పెట్టమని సున్నం, కారం తెస్తే వద్దంది. పావుగంటలో అనంతయ్య నాలుగుసార్లు లేవబోయాడు, నాలుగుసార్లూ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. ఆ తరువాత రైలెక్కించి వికారాబాద్ తీసుకుపోయింది.

డాక్టరు చెయ్యి చూసి, బాగా కడిగారని ఈశ్వరమ్మను మెచ్చుకున్నాడు. పిచ్చి లేచిన జంతువు రక్కినా ప్రమాదమేనని, ఆ జబ్బు వచ్చాక మందు లేదని, రాకముందే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయాలని చెప్పాడు. పిల్లి కళ్లముందే పదిరోజులు ఆరోగ్యంగా ఉంటే మాత్రం అక్కర్లేదట. పారిపోయింది కాబట్టి ఇవాళే మొదలుపెడదామన్నాడు.

అనంతయ్య దిగ్గున లేచాడు. "డాక్టర్ సాబ్, గిది పిల్లి రక్కింది కాదు. రేగుముల్లుతోని నేనే గీసుకున్న."

డాక్టరు నవ్వలేదు. "సూది పేరు చెప్తే అందరు గిట్లనే అంటరు. మొన్న కుక్క కరిసినాయన, తన పన్నే తగిలిందన్నడు."

పిల్లిని రేపటికల్లా వెతికిస్తానని ఈశ్వరమ్మ ఒక్కరోజు గడువు అడిగింది.

మర్నాడు తెల్లవారుతూనే అనంతయ్య యాలాల్‌లో ఉన్నాడు. సంచి విప్పగానే పిల్లి కందిచేలల్లోకి దూకిందని ఎల్లప్ప చెప్పాడు. ఆయన మధ్యాహ్నం దాకా సాళ్ల వెంట మ్యావు మ్యావుమంటూ తిరిగాడు. చేలో కలుపు తీసే ఆడవాళ్లు పని ఆపి, ఎవరి పిల్లల్ని వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. చివరికి ఒక గడ్డివాములో పిల్లి దొరికింది. పట్టుకోబోతే రెండో చేతి మీద నిజంగానే రక్కింది.

ఇంటికి రాగానే ఈశ్వరమ్మ మళ్లీ సబ్బు తీసింది. నాలుగు గీతలు చూసి, "గిది పిల్లి రక్కింది. నిన్నటిది ఒక్క గీత. పిల్లికి ఒక్క గోరే ఉంటదా?" అంది.

"ఎరుకై కూడ దవాఖానకు ఎందుకు తోలుకపోయినవే?"

"యాడ విడిసిన్రో మీరు చెప్పకపోతిరి గద."

డాక్టరు ఆ నాలుగు గీతలు చూసి పదిరోజుల లెక్క కొత్తగా మొదలుపెట్టాడు. అనంతయ్య డిపో నుంచి గంటకోసారి ఇంటికి ఉరికొచ్చి పిల్లి నీళ్లు తాగిందా, వెలుతురుకు బెదురుతోందా అని చూసుకునేవాడు. తన మీగడ కూడా దానికే పెట్టాడు. పదోరోజు పొద్దున అది పాలు ముట్టలేదు. మూలకు పోయి నక్కింది. దగ్గరికెళితే గుర్రుమంది. అనంతయ్య బొడ్డు మీద చెయ్యి వేసుకుని స్టేషనుకు పరుగెత్తాడు. వికారాబాద్ రైలు అప్పుడే వెళ్లిపోయింది. గంటసేపు ప్లాట్‌ఫారం కొలిచి, ఉండబట్టలేక ఇంటికే తిరిగొచ్చాడు.

పిల్లి ఆయన పెళ్లినాటి పట్టుపంచె మీద పడుకుని ఉంది. పక్కన నాలుగు కూనలు పాలు తాగుతున్నాయి.

"డాక్టరుకు ఏమని చెప్పాలె?" అన్నాడు నెమ్మదిగా.

"పిల్లి మంచిగున్నదని చెప్పుండ్రి," అంది ఈశ్వరమ్మ, గిన్నెలో పాలు పోస్తూ. "ఎన్నున్నయని అడిగితే, అయిదని చెప్పుండ్రి."