చదును దేశం చూసొచ్చిన శ్యామ్‌సుందర్

అబిడ్స్‌లో కళ్ళద్దాల వ్యాపారి శ్రీ శ్యామ్‌సుందర్ గారు ఏడు రోజుల నెదర్లాండ్స్ పర్యటనను దిగ్విజయంగా ముగించుకుని వచ్చిన సందర్భంగా, గన్‌ఫౌండ్రీలోని ఒక ఫంక్షన్ హాల్లో ఆయనకు ఘన సన్మానం జరిగింది. అక్కడ ఆయన చేసిన పనేమిటని ఎవరూ అడగలేదు. విదేశం పోయి తిరిగి రావడమే మన దగ్గర ఒక ప్రజాసేవ. సరుకు ఎక్కువ అమ్మినందుకు అద్దాల కంపెనీవాళ్ళు పంపారన్న మాట కరపత్రంలో లేదు. 'అధ్యయన యాత్ర' అని ఉంది.

వచ్చే నెలలో వ్యాపారుల సంఘం అధ్యక్ష పదవికి ఎన్నిక. పోయిన రెండుసార్లూ శ్యామ్‌సుందర్ ఆ కుర్చీకి నాలుగైదు ఓట్ల దూరంలో ఆగిపోయాడు. ఈసారీ పోతే ఇక బతికుండగా మైకు చేతికి రాదని ఆయన భయం. అందుకే ఆరోజు దొరికిన మైకును గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ దేశం దోసె పెనం లెక్క సదురుగుంటది. నడిరోడ్డు మీద నిమ్మకాయ పెడితే పొద్దుమీకె దాంక గాడనే ఉంటది. సముద్రం కన్న కిందున్నరు, అయినా వాళ్ళ కాళ్ళు తడవయి. మనం సముద్రానికి ఐదువందల మీటర్ల ఎత్తుల ఉన్నం. అర్ధగంట వాన పడితే అఫ్జల్‌గంజ్‌ల పడవ కావాలె!"

చప్పట్లు.

"పోలీసోడు లేకున్నా ఎర్రలైటుకు ఆగుతరు. వాళ్ళ అమాయకత్వం చూస్తే నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి. హారన్ లేదు. నాలుగో రోజుకు నా చెవులు పోయినయేమో అని దవాఖానకు పోదామనుకున్న. సైకిల్ మీదనే డాక్టరు, సైకిల్ మీదనే జడ్జి!"

మళ్ళీ చప్పట్లు. చప్పట్లు కల్లు లాంటివి. మూడో ముంత దాటాక మనిషి నోరు అతని మాట వినదు.

"సోమవారం సంది నేను గూడ నాంపల్లి నుంచి దుకాణానికి సైకిల్ మీదనే వస్త!"

అందరూ రెట్టింపు చప్పట్లు కొట్టారు. మన దగ్గర మాటకు కొట్టే చప్పట్లు పనికి కొట్టరని ఆయనకు అప్పుడు గుర్తు రాలేదు.

మొదటి పొరపాటు, నల్లటి మామూలు సైకిలు కొనడం. అక్కడి జడ్జీలు తొక్కేది అలాంటిదే. ఇక్కడ అలాంటిది పాలవాళ్ళు తొక్కుతారు. రెండో పొరపాటు, త్వరగా చేరడం. కారులో ముప్పావుగంట పట్టే దూరం సైకిలు మీద తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. తొందరగా వచ్చేవాడికి వేరే పని లేదని అర్థం. పెద్దమనిషి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు.

"ఏయ్, తియ్ తియ్, ఇది కార్ల జాగ," అని అరిచిన పార్కింగ్ మనిషి, ముఖం చూసి నాలుక కరచుకున్నాడు. "సేఠ్, మీరా? ఇంట్ల అంతా మంచిదేనా?"

పక్కనే ఫొటో ఫ్రేముల దుకాణం నడిపే హెర్బర్ట్ పరుగున వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా స్నేహితుడు.

"శ్యామన్నా, ఫికర్ చెయ్యకు. కారు ఎప్పుడమ్మినవ్?"

"అమ్ముడేంది? ఇంట్లనే ఉంది."

"ఔ, ఔ. ఇంట్లనే ఉంటది," అని హెర్బర్ట్ ఆయన చెయ్యి నొక్కాడు.

హెర్బర్ట్ భార్య బెత్సీ అంతకంటే మంచి మనిషి. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల చీటీ రాసిచ్చింది: 'గొప్ప శోధనలో ఉన్న సహోదరుడు శ్యామ్‌సుందర్, సైకిలు నుండి విడుదల పొందునట్లు.' మూడువందల మంది ఆమెన్ అన్నారు. మూడువందల మంది ఆమెన్ అన్నాక, నేను బాగానే ఉన్నానని నిరూపించుకోవడం ఎవరి తరమూ కాదు. అపార్ట్‌మెంటులో పై అంతస్తు విద్యావతి గారు డబ్బాలో పప్పు తెచ్చిచ్చి, "డబ్బా నిదానంగ ఇయ్యున్రి, తొందరేం లేదు," అని కళ్ళొత్తుకున్నారు.

ఎన్నికలో ప్రత్యర్థి, చెప్పుల వ్యాపారి బుచ్చిబాబు మాత్రం ఒక్క చెడ్డమాట అనలేదు. "మన శ్యామన్న బంగారమసుంటి మనిషి. గీ టైంల ఆయన నెత్తి మీద సంఘం బరువు గూడ పెట్టుడు న్యాయమేనా?" అని దుకాణం దుకాణానికీ తిరిగి జాలిపడ్డాడు. ఎన్నికకు పన్నెండు రోజులున్నాయి. శ్యామ్‌సుందర్ ఎదురుపడితే ఓటర్లు తలలు వంచుకుంటున్నారు.

చివరికి భార్య విమల నోరు విప్పింది. "మా అక్క ఫోన్ల ఏడ్చిందండీ. మీరు చూసొచ్చిన దేశం సంగతి నాకు తెల్వది. సైకిలన్న ఉండాలె, కుర్చీయన్న ఉండాలె. రెండూ కావాల్నంటే సైకిల్‌ని కారెక్కియ్యిన్రి."

అధ్యయన యాత్రలో ఇంత మంచి సలహా ఎవరూ ఇవ్వలేదు. మర్నాడే గేర్ల సైకిలు ఒకటీ, దాన్ని కారు వెనక బిగించే ఇనుప చట్రం ఒకటీ వచ్చాయి. నల్ల సైకిలు పాలవాడికి పోయింది. శ్యామ్‌సుందర్ తలకు హెల్మెట్ పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాడు. దుకాణం చేరడానికి యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలూ ట్రాఫిక్‌లో నిలబడ్డ ఓటర్లందరూ సైకిలును కళ్ళారా చూశారు. అబిడ్స్ చౌరస్తాలో దానికి దండ వేశారు. 'పర్యావరణ పరిరక్షకుడు' అని ఫ్లెక్సీలు లేచాయి. బెత్సీ చర్చిలో కృతజ్ఞతాస్తుతి చెల్లించింది. శ్యామ్‌సుందర్ అరవై ఒక్క ఓట్ల మెజారిటీతో గెలిచాడు.

ఓడిన బుచ్చిబాబు కూడా వెంటనే చట్రం బిగించుకున్నాడు. ప్రస్తుతం అబిడ్స్‌లో పద్దెనిమిది కార్ల వెనక సైకిళ్ళున్నాయి. ఇంతవరకు ఒక్క టైరూ అరగలేదు. పర్యావరణం ఎంత భద్రంగా ఉందో పాఠకులు గ్రహించగలరు. గ్రహించలేనివారు తమ బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసిన సైకిలును ఒకసారి చూసుకోవచ్చు.

పోయిన వారం నాంపల్లి స్టేషన్ దగ్గర అధ్యక్షులవారి కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పక్కనే ఒక పొడుగాటి తెల్లాయన సైకిలు ఆపాడు. అరవై ఏళ్ళుంటాయి. సైకిలుకు అటూ ఇటూ సంచులు, ముఖమంతా దుమ్ము, చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. చార్మినార్‌కు దారి అడిగాడు. ఏ ఊరని డ్రైవర్ తాతారావు అడిగితే, నెదర్లాండ్స్ అనీ, అక్కడి నుంచి సైకిలు మీదే వస్తున్నాననీ నవ్వుతూ చెప్పాడు.

శ్యామ్‌సుందర్ ఆయనను ఎగాదిగా చూశాడు. మెల్లగా అద్దం పైకెత్తాడు.

"ఏమాయెనో ఏమో ఆ దేశానికి, తాతారావ్," అన్నాడు నిట్టూర్చి. "మొన్న నేను పోయినప్పుడు బాగనే ఉండె."