చప్పట్లతో నడిచిన ఊరు

మా లిముంబు గ్రామ పురుషులు నడకలెక్కల మొదటి నెలలో జిల్లాకే ప్రథములుగా నిలిచారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సగటున రోజుకు పద్దెనిమిది వేల అడుగులు. నావి ఇరవై ఒక్క వేలు. నాకు డెబ్బై ఆరేళ్లు, ఎడమ మోకాలు సరిగా వంగదు. ఆ సంగతి లెక్కకు అడ్డు రాలేదు.

ఆరోగ్యాధికారి కపాంబ్వే గారు గోనెసంచీ నిండా మణికట్టు పట్టీలు తెచ్చి పంచారు. చెయ్యి ఊగితే అడుగు పడినట్టు రాసుకునే పట్టీలవి. ఊరికి ఒక్క బోరు మంజూరైంది. రెండు నెలలు లెక్క చూసి, ఎక్కువ నడిచి అలిసేవాళ్ల ముంగిట్లో అది వేస్తారట. మా కోడలు నసిలేలే ఎగిరి గంతేసింది. ఆమె రోజుకు ఐదుసార్లు ఇసుకలో పడి నదికి పోయి నీళ్లు మోస్తుంది. బోరు వంటింటి ముందుకే వస్తుందని ఆ పూటే అక్కడ రాయి పాతింది.

మర్నాడు మామిడిచెట్టు కిందికి గ్రామపెద్ద లిస్వానిసో వచ్చారు. ఆచారం ప్రకారం మగవాళ్లమంతా మోకరిల్లి చప్పట్లు కొట్టాం. నా పక్కనున్న సితాలి పట్టీ చూసుకుని అదిరిపడ్డాడు.

"ఒరేయ్, నేను నడుస్తున్నానురా!"

"ఎక్కడికిరా?"

"తెలీదు గానీ, నూటయాభై అడుగులు వెళ్లిపోయాను!"

అది మొదలు మా ఊళ్లో మర్యాద పొంగి పొర్లింది. పెద్దగారు తుమ్మితే చప్పట్లు, ఆవలిస్తే చప్పట్లు. ఆయన పొదచాటుకు వెళ్లినా వెనకే పాతికమంది మోకరిల్లేవారు. గ్రామపెద్ద తాను ఎవరికీ చప్పట్లు కొట్టకూడదు కనుక ఆయన లెక్క మాత్రం సున్నా. ఓర్చుకోలేక ఒకనాడు తన కోడిపుంజుకే మోకరిల్లారు. సితాలి కూర్చున్నచోటి నుంచే రాజధాని లుసాకా దాకా నడిచి, అరచేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చాడు.

నసిలేలే లెక్క రోజుకు నాలుగు వందల పన్నెండు. ఒక చెయ్యి నెత్తిమీది బకెట్టుకు, రెండోది వీపున పిల్లవాడికి. చేతులు ఊగందే పట్టీ ఒప్పుకోదు. ఆ నాలుగు వందలూ నిలబడి గంజి గెలికినప్పుడు పడినవే.

"ఈ పట్టీకి కళ్లు పోయాయా, మామయ్యా?"

"సర్కారు వస్తువమ్మా, అబద్ధమాడదు," అన్నాను, పెద్దగారి కుక్కకు చప్పట్లు కొడుతూ.

ఆమె పట్టీని కాలికి కట్టుకుంది. మణికట్టుకే కట్టాలని నియమావళి చూపి అధికారి విప్పించారు.

మొదటి నెలాఖరున ఆయన ప్రసంగించారు: "పురుషులారా, మీ కాళ్లకు నమస్కారం! మహిళల సోమరితనం మాత్రం ఆందోళన కలిగిస్తోంది. వచ్చే నెలా ఇంతేనైతే బోరు ఈ మామిడిచెట్టు కిందే వేయిస్తాం. వ్యాయామం నిమిత్తం మహిళలకు నదే ఉంచుతాం."

మేం చప్పట్లు కొట్టాం. తలా మూడు వందల అడుగులు.

నసిలేలే బకెట్టు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "రోజుకు ఇరవై ఒక్క వేలు నడిచే కాళ్లు కదా మామయ్యా, నది ఎంత దూరంలెండి! వెళ్లిరండి." ఆడవాళ్లంతా బకెట్లు దించి, మామిడినీడలో మా చోట్లలో కూర్చుని, ఒకరికొకరు చప్పట్లు కొట్టుకోసాగారు.

పొద్దు వాలినా పొయ్యి వెలగలేదు. నీళ్లు లేనిదే గంజి లేదు. మర్నాడు బకెట్లు నెత్తిన పెట్టుకుని మగవాళ్లమే బయలుదేరాం. ఒక చెయ్యి బకెట్టుకు, ఒక చెయ్యి నడుముకు. నెల్లాళ్లు మోశాం. నా మోకాళ్లు రెండూ పోయాయి.

తుది నివేదిక నిన్న వచ్చింది. రెండో నెలలో రోజుకు ఆడవాళ్లకు పంతొమ్మిది వేలు. మగవాళ్లకు అరవై. మా హఠాత్ సోమరితనానికి కార్యాలయం విచారం వెలిబుచ్చింది. బోరు నసిలేలే రాయి పాతినచోటే వేస్తున్నారు.

ఇంతసేపూ కదలకుండా కూర్చుని చదివారు గదా, బెంగపడకండి. నాలుగు చప్పట్లు కొట్టండి, నడిచినవాళ్లలో మిమ్మల్నీ రాసుకుంటారు. దాహమైతే లోపలికి ఒక కేక వేయండి. ఎవరో ఒకావిడ గ్లాసు రెండు చేతులా పట్టుకుని, ఒలకకుండా తెస్తుంది. ఆ అడుగులు ఏ లెక్కలోనూ పడవు.